వైన్ రుచి నేర్చుకోవాలంటే ముందు టీ పెట్టండి

[తెర మీద: పాలు లేని టీ, మూడు గాజు గ్లాసుల్లో]

మన ఊళ్లలో షాపు బోర్డు మీద ‘వైన్స్’ అని ఉంటుంది, లోపల అసలు వైన్ మాత్రం ఏ మూలనో దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది. ఆ సీసా జోలికి తర్వాత వెళ్దాం. ముందు మూడు టీ బ్యాగులు తీసుకోండి.

గ్లాసుకు 150 మి.లీ. మరిగిన నీళ్లు. మొదటి గ్లాసులో బ్యాగు 2 నిమిషాలు, రెండోదాంట్లో 10 నిమిషాలు. మూడోది కూడా 2 నిమిషాలే, కానీ అందులో ఒక చెంచా నిమ్మరసం పిండండి. అన్నీ చల్లారనివ్వండి.

పోల్చుకోడానికి ముందు మొదటి గ్లాసులోంచి ఒక గుక్క తాగండి. తర్వాత రెండో గ్లాసులోంచి ఒక గుక్క తీసుకుని, మింగాక నాలుకతో చిగుళ్లు తడమండి. జామపిందె కొరికినట్టు గరగర, నోరు పట్టేసినట్టు ఉంటుంది. అదే వగరు. రెడ్ వైన్‌లో టానిన్ అని గొప్పగా చెప్పేది దీన్నే. టానిన్ లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది, దాంతో నోట్లో జారుడు పోతుంది. చాలామంది దీన్ని చేదు అనేస్తారు. చేదు నాలుకకు తెలిసే రుచి, వగరు నోరంతా తగిలే స్పర్శ. ఉగాది పచ్చడిలో వేపపువ్వునూ మామిడి వగరునూ విడదీయగలిగిన నోటికి ఇదేం కష్టం కాదు.

ఇక మూడో గ్లాసు. మింగాక నోట్లో నీళ్లు ఊరతాయి. ఎంతసేపు ఊరితే అంత పులుపు. ఇప్పుడు అందులోనే ఒక చెంచా పంచదార కలిపి చూడండి. నిమ్మరసం అంతే ఉంది, పులుపు మాత్రం తగ్గినట్టుంటుంది. తీపి వైన్‌లో పులుపు లేదని పొరబడేది ఇక్కడే.

[తెర మీద: రెండు సీసాలు, ఐస్ బకెట్]

21 నిండనివాళ్లు టీ దగ్గరే ఆగిపోండి. మిగతావాళ్లు రెండు సీసాలు తెచ్చుకోండి: నాసిక్ సావినాన్ బ్లాంక్ (ఇది వైట్ వైన్) ఒకటి, కాబర్నే-షిరాజ్ (ఇది రెడ్ వైన్) ఒకటి. రెడ్ వైన్ ‘రూమ్ టెంపరేచర్’లో తాగాలన్న మాట చలిదేశాల గదులకు సరిపోతుంది. దానికి కావాల్సింది 16–18 డిగ్రీలు. మన 32 డిగ్రీల గదిలో ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. ఐస్ నీళ్లలో పది, పదిహేను నిమిషాలు ముంచండి. వైట్‌కి 8–10 డిగ్రీలు. మరీ గడ్డకట్టేంత చల్లగా ఉంటే వాసనే రాదు.

అగరుబత్తి ఆర్పేయండి, మల్లెపూలు పక్క గదిలో పెట్టండి. 50 మి.లీ. పోసి, గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన చూడండి. సావినాన్‌లో జామపండు, పచ్చి క్యాప్సికమ్, కోసిన గడ్డి లాంటివి తగలొచ్చు. తోచిన పేరు కాగితం మీద రాశాకే సీసా వెనక లేబుల్ చదవండి. ముందే చదివితే ముక్కు అదే వెతుక్కుంటుంది. తర్వాత ఒక గుక్క, నోటినిండా తిప్పి, ఉమ్మేయండి. పులుపు, వగరు, తీపి – ఒక్కోదానికి ఐదుకి ఎంతో మార్కు వేయండి.

తడిసిన అట్టపెట్టె వాసన వచ్చిందా? కార్క్ పాడుచేసింది. కార్క్ పైకి తన్నుకొచ్చి, ఉడికిన జామ్ వాసన వస్తే సీసా ఎండలో మగ్గిందన్నమాట. రెండిట్లో తప్పు మీ నోటిది కాదు.

మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది. బిర్యానీతో తాగాలనుకుంటే వైట్ తియ్యండి. మిర్చి కారం మీద రెడ్ వగరు, ఆల్కహాల్ మంట రెండూ పెరుగుతాయి.