ఒంటిచెవి బాంగో, తిట్లు పడే బింకీ: ‘లైఫ్ ఇన్ హెల్’ పాత్రల గురించి

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది మాట్ గ్రేనింగ్ గీసిన ‘లైఫ్ ఇన్ హెల్’ అనే కామిక్ స్ట్రిప్ గురించి. ‘ది సింప్సన్స్’ అనే టెలివిజన్ యానిమేషన్ ధారావాహిక సృష్టికర్తగా ఆయన పేరు మీలో చాలామంది విని ఉంటారు. ఆ పసుపుపచ్చ కుటుంబం టెలివిజన్‌కు రావడానికి పదేళ్ల ముందే మొదలై 2012 దాకా సాగిన ఈ నలుపు తెలుపు కుందేళ్ల లోకం మాత్రం మన పాఠకుల దాకా పెద్దగా రాలేదు. దీన్ని చేదు హాస్యం అనడం సులువే. ఆ చేదును పాత్రల మీద ఎలా మోపారో, ఆ మోతలోంచి నవ్వు ఎలా పుట్టిందో పరిశీలించడమే నా ఉద్దేశం.

ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో పుట్టి పెరిగిన గ్రేనింగ్ 1977లో రచయిత కావాలన్న కోరికతో లాస్ ఏంజిలిస్ చేరారు. దొరికినవన్నీ చిన్నాచితకా ఉద్యోగాలే. ఆ నగరంలో తన బతుకు ఎలా ఉందో దూరాన ఉన్న స్నేహితులకు చెప్పుకోవడానికి ఆయన బొమ్మలు గీసి, జిరాక్స్ తీసి, చిన్న పుస్తకంగా చేసి పంపేవారు. తాను పనిచేస్తున్న లికరిష్ పిజ్జా దుకాణంలో కూడా ఆ ప్రతులను అమ్మకానికి పెట్టారు; పేరులో పిజ్జా ఉన్నా అక్కడ అమ్మేది పాటల రికార్డులు. 1978లో ‘వెట్’ అనే పత్రిక ఈ స్ట్రిప్‌ను తొలిసారి అచ్చువేసింది. 1980 ఏప్రిల్ నుంచి ‘లాస్ ఏంజిలిస్ రీడర్’ వారపత్రికలో ఇది క్రమంగా రాసాగింది.

ఈ వారపత్రిక సంగతి కాస్త చెప్పుకోవాలి. అమెరికా నగరాల్లో అప్పట్లో ప్రత్యామ్నాయ వారపత్రికలు అనేకం ఉండేవి. వాటిని చాలా చోట్ల ఉచితంగానే పంచేవారు; ఖర్చులు ప్రకటనల మీద, ముఖ్యంగా క్లాసిఫైడ్ల మీద గడిచేవి. దినపత్రికలో కామిక్స్ పేజీని తాత నుంచి మనవడి దాకా ఇంటిల్లిపాదీ చదువుతారు కనుక అక్కడ చావు, శృంగారం, ఉద్యోగం మీద అసహ్యం వంటివి గీయడానికి వీలుండేది కాదు. ఈ వారపత్రికలకు ఆ బెంగ లేదు. ‘లైఫ్ ఇన్ హెల్’ వంటి స్ట్రిప్ అక్కడ తప్ప మరోచోట నిలదొక్కుకోగలిగేది కాదని నా నమ్మకం.

తొలినాళ్లలో ప్రధాన పాత్ర బింకీ అనే కుందేలు కోపిష్టి. లోకం మీద విరుచుకుపడుతూ, పాఠకుడికి ఉపన్యాసాలు దంచుతూ ఉండేవాడు. అది అంతగా పండలేదు. తిట్టేవాణ్ణి తిట్లు పడేవాడిగా మార్చి, కష్టాలన్నీ బింకీ నెత్తినే పడేలా గీయడం మొదలుపెట్టాకే స్ట్రిప్‌కు ఆదరణ పెరిగింది. గ్రేనింగ్ చేసిన అన్ని మార్పుల్లోకీ ఇదే కీలకమైనదని నేను అనుకుంటాను. కోపం ఎంత న్యాయమైనదైనా దానితో పాఠకుడు వాదనకు దిగగలడు. పళ్లు బయటపెట్టి, కళ్లు మిటకరించి, ఒక్క మాటా అనకుండా నిలబడ్డ కుందేలుతో వాదించడానికి ఏమీ ఉండదు.

బొమ్మల్లోని పొదుపు కూడా ఇందుకు తోడ్పడింది. గుండ్రటి కళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన పై దవడ, రెండు పొడవాటి చెవులు, అంతే. ప్రియురాలు షీబా కూడా దాదాపు అదే బొమ్మ. గౌను తొడిగితే షీబా. ఒక పేజీని తొమ్మిది గడులుగానో పదహారు గడులుగానో విడగొట్టి, దేన్నో ఒకదాన్ని వర్గీకరిస్తున్నట్టు జాబితా నింపడం గ్రేనింగ్‌కు ఇష్టమైన పద్ధతి. లాస్ ఏంజిలిస్‌లో చనిపోయే మార్గాలను వరుసగా చూపిన స్ట్రిప్ ఒకటి ఉంది. తుపాకీ, కారు, మత్తుమందు, సముద్రం, పోలీసు అంటూ సాగిన ఆ గడుల చివర వచ్చేవి ఓటమి, గెలుపు. ఒకే కొలత గడుల్లో, ఒకే ముఖంతో, ఏ గడినీ పెద్దది చేయకుండా వాటిని పక్కపక్కన పెట్టడంలోనే దెబ్బంతా ఉంది. గెలుపు కూడా చావులో రకమేనని వ్యాసంగా రాస్తే అది వేదాంతమయ్యేది.

బాంగో బింకీ కొడుకు. పెళ్లి వల్ల పుట్టినవాడు కాడు. ఒకే చెవితో పుట్టాడు. నాకు ఈ స్ట్రిప్‌లో అందరికంటే ఇష్టమైనవాడు ఇతడే. బడిలో శిక్షగా గదిలో ఒంటరిగా కూర్చోబెట్టిన బాంగోను, పై కిటికీలోంచి చూసే పెద్దల కళ్లను గ్రేనింగ్ పదే పదే గీశారు. మరో ప్రసిద్ధ స్ట్రిప్‌లో గదంతా చిందరవందరగా ఉంటుంది, గోడ మీద తండ్రి నీడ కొండంత లేస్తుంది, దాని కింద బెత్తెడంత బాంగో “పొరపాట్లు జరిగాయి” అంటాడు. చేసిందెవరో చెప్పకుండా తప్పుకోవడం ప్రభుత్వాధినేతల విద్య. ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మి, ఆ డబ్బును నికరాగువా తిరుగుబాటుదారులకు మళ్లించిన ఇరాన్-కాంట్రా వ్యవహారంలో అధ్యక్షుడు రీగన్ 1987లో అమెరికన్ కాంగ్రెస్ ముందు దాదాపు ఇదే మాట పలికారు. బాంగోకు ఆ విద్య ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. గదిలో ఉన్నది తనొక్కడేనన్న సంగతి వాడు మరిచాడు. అయినా పిల్లవాణ్ణి అమాయకుడిగా చూపి జాలి రాబట్టడం గ్రేనింగ్ చేయలేదు. బాంగోకు భయం ఉంది, కపటమూ ఉంది.

అక్బర్, జెఫ్ కుందేళ్లు కారు. తుర్కీ టోపీలు పెట్టుకుని, ‘పీనట్స్’ స్ట్రిప్‌లోని చార్లీ బ్రౌన్ చొక్కా వంటి వంకర గీత చొక్కాలు తొడుక్కున్న ఇద్దరు మనుషులు. ఎవరు అక్బరో ఎవరు జెఫో గుర్తుపట్టలేం. అన్నదమ్ములా, ప్రేమికులా, లేక రెండూనా అన్నది తేల్చకుండానే స్ట్రిప్ దశాబ్దాలు గడిపింది. పేరు చూసి మొగల్ చక్రవర్తిని వెతకనక్కర్లేదు. వీళ్లు అప్పుడప్పుడూ వ్యాపారాలకు దిగుతారు: ఒకసారి టోఫు (సోయా పాల పనీరు) గుడిసె, ఒకసారి తమ బొమ్మలతోనే దొంగ టీషర్టుల దుకాణం. మిగతా సమయంలో ఎదురెదురుగా నిలబడి “నన్ను ప్రేమిస్తున్నావా?” అన్న ప్రశ్నను సాగదీస్తారు. గడి తర్వాత గడిలో బొమ్మ కదలదు, మాటలే కత్తుల్లా తిరుగుతాయి. ఇద్దరూ ఒకేలా ఉండటంవల్ల తప్పు ఎవరిదో పాఠకుడు నిర్ణయించలేడు. దాంపత్య కలహాన్ని ఇంత నిష్పక్షపాతంగా గీసినవాళ్లు తక్కువ.

నిర్మాత జేమ్స్ ఎల్. బ్రూక్స్‌కు ఇందాక చెప్పిన చావుల స్ట్రిప్ అసలు ప్రతి కానుకగా అందింది. ఆయన ‘ట్రేసీ ఉల్మన్ షో’ అనే టెలివిజన్ హాస్య కార్యక్రమంలో చిన్న యానిమేషన్ ముక్కల కోసం గ్రేనింగ్‌ను పిలిచారు. ఈ కుందేళ్లనే ఇస్తే వాటి మీద హక్కులు ఆ కార్యక్రమాన్ని ప్రసారం చేసే ఫాక్స్ సంస్థకు వెళ్లిపోతాయని తెలిసి, గ్రేనింగ్ అప్పటికప్పుడు మరో కుటుంబాన్ని కల్పించారు. 1987 ఏప్రిల్‌లో తెర మీదికి వచ్చిన సింప్సన్లు అలా పుట్టినవారే. ఆ కళ్లూ, ఆ దవడా బింకీ ఇంటివే.

తర్వాత చేతినిండా డబ్బు, పని ఉన్నా ఆయన వారం వారం ఈ స్ట్రిప్ గీయడం మానలేదు. ఒక దశలో ఇది 250కి పైగా పత్రికల్లో వచ్చింది. ఆ కాలపు స్ట్రిప్పుల్లో తన కొడుకులు విల్, ఏబ్‌ల మాటలను కుందేలు పిల్లల నోట పెట్టి గీసినవి ఎన్నో ఉన్నాయి. వాటిలో చేదు తగ్గిందని నేను ఒప్పుకోను. కష్టం పడేవాడి బదులు కష్టం ఎలా ఉంటుందో ఊహించే పిల్లలు వచ్చారంతే. క్లాసిఫైడ్లు ఇంటర్నెట్‌కు తరలిపోయి, ఆ వారపత్రికలు ఒక్కొక్కటే చిక్కిపోవడమో మూతపడటమో జరిగాక అచ్చువేసేవారే తగ్గిపోయారు. 2012 జూన్‌లో 1669వ స్ట్రిప్‌తో గ్రేనింగ్ దీన్ని ఆపేశారు. బింకీ, షీబా, బాంగో, అక్బర్, జెఫ్ ఏ టెలివిజన్ సంస్థకూ అమ్ముడుపోలేదు.