మండువా లోగిలి మీద మనసు పడ్డాక

అక్క: శ్రోతలందరికీ నమస్కారం. పాత ఇల్లు కొనే ముందు ఏయే కాగితాలు చూసుకోవాలో ఈ భాగంలో చెబుతామని కిందటిసారి మాట ఇచ్చాం. కోనసీమలో నేను మనసు పడ్డ మండువా లోగిలికి, అంటే నట్టనడుమ కప్పు లేని మండువా ఉన్న పాత ఇంటికి, ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు కనుక, ఈ సంగతులు ముందుగా నాకే అవసరం.

తమ్ముడు: రిజిస్ట్రేషన్ కాకముందే ఆవకాయ జాడీలు ఏ గూట్లో ఉండాలో తేల్చేసిన మనిషివి నువ్వు. ఇంతకీ మండువాలో నాలుగు బిందెల నీళ్లు పోయించి, తూము పారుతున్నదో లేదో చూశావా?

అక్క: ముందు కాగితాల సంగతి కానివ్వు. ఈసీ, అంటే ఆస్తి మీద తాకట్లూ లావాదేవీలూ ఏమున్నాయో చూపే పత్రం తీయించాలి. లింకు దస్తావేజులు, అంటే ఇల్లు ఇదివరకు చేతులు మారినప్పటి కాగితాలన్నీ చదివించాలి. ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్లల సంతకాలు కూడా ఉండాలి. పెళ్లికాని కూతుళ్లకు మన రాష్ట్రంలో 1986 నాటి సవరణతోనే సమాన హక్కు వచ్చింది. పెళ్లయిన వారికి 2005లో కేంద్రం చేసిన సవరణతో వచ్చింది. అమెరికాలో ఉన్న ఆ ఇంటి చిన్నమ్మాయి పవరాఫ్ అటార్నీ పంపుతానంది.

తమ్ముడు: అది చేతికి వచ్చేదాకా నీ దగ్గర ఉన్నది ఒప్పందపు కాగితం మాత్రమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, అమ్ముతామన్న ఒప్పందం ఒక్కదానితో ఇంటి మీద నీకు ఏ హక్కూ రాదు. అయినా పడమటి గోడకు సిమెంటు పూత వేయించడానికి మేస్త్రిని మాట్లాడావట?

అక్క: నేను సిమెంటు అనలేదు, ఆ మాట మేస్త్రి అన్నాడు. అడుగున చెమ్మ ఎక్కి ఉప్పు పూసిన గోడకు సిమెంటు పూస్తే రెండు వర్షాకాలాల వరకు కంటికి బాగానే ఉంటుంది. కానీ గానుగ సున్నంతో కట్టిన గోడ నేలలోంచి పీల్చిన తేమను తన ఒంటి మీదుగానే గాలికి వదిలేస్తుంది. ఆ దారి మూసేస్తే తేమ ఇంకా పైకి ఎగబాకి, లోపలి ఇటుకను పొడి చేస్తుంది. కాలువల పక్కన, నాలుగడుగులు తవ్వితే నీరు ఊరే చోట ఈ సంగతి మరీ ముఖ్యం.

తమ్ముడు: సిద్ధాంతం బాగానే ఉంది, కానీ గానుగ ఎక్కడుంది? ఎద్దును కట్టి, రాతి చక్రం తిప్పి, సున్నమూ ఇసుకా రుబ్బి, అందులో బెల్లపు నీళ్లూ కరక్కాయ నీళ్లూ కలిపే పనివాళ్లు ఇవాళ ఎందరున్నారు? దొరికినా, ఆ పూత ఆరేదాకా నువ్వు ఓపిక పట్టవు. అమలాపురం నిచ్చెన సంగతి శ్రోతలు మరిచిపోలేదు.

అక్క: నిచ్చెన ఊసు ఎత్తవద్దని ఎన్నిసార్లు చెప్పాలి? ఇప్పుడు గానుగ పని మిక్సరు కూడా చేస్తుంది. సున్నాన్ని బాగా నానబెట్టి, మాగనిస్తే చాలు.

తమ్ముడు: అసలు ఆ గోడకు చెమ్మ ఎందుకొచ్చిందో అడగవేం? తూము పూడుకుపోయి, నాలుగు వైపుల కప్పు మీది నీళ్లూ మండువాలోనే నిలిచి, వసారా కిందికి ఇంకుతున్నాయని నా నమ్మకం.

అక్క: నీ తూము ఉండనీ. ఆ ఇంటి మామ్మగారు 1986 ఆగస్టు గోదావరి వరద గుర్తును టేకు స్తంభం మీద చూపించారు, నా నడుము ఎత్తున ఉంది. రంగు వేసేటప్పుడు దాన్ని చెరపవద్దని ఆవిడ అడిగినప్పుడు నాకు మాట రాలేదు. ఆ ఇంటిని అమ్ముతున్నది కొడుకులు, ఆవిడ కాదు.

తమ్ముడు: ఆవిడ ఎక్కడికి వెళతారు?

అక్క: హైదరాబాదులో పెద్ద కొడుకు ఫ్లాటుకు. వెళ్లేలోగా పెరటి బావి గిలక ఎలా తిప్పాలో నేర్పిస్తానన్నారు.

తమ్ముడు: అంత వరద ఆ తూము గుండానే వెనక్కి తన్నుకొచ్చి ఉంటుంది.

అక్క: నీకు మనసనేది ఉందా?

తమ్ముడు: ఉండబట్టే అడుగుతున్నాను. సరే, సున్నమే వేయించు, నేను అడ్డు చెప్పను. ఖర్చు ఎంతవుతుందని అంచనా?

అక్క: బావగారు లెక్క వేసి ఇచ్చారు.

తమ్ముడు: ఏ బావగారు? మిద్దె మీద నీళ్ల ట్యాంకుకు అంచనా వేసిన బావగారేనా?

అక్క: ఆయనే.

తమ్ముడు: అయితే ముందు రికార్డింగు ఆపు, ఆ లెక్క నాకు చూపించు.