టాక్స్ అందరం కడతాం, ఓటు కొందరికే ఉంది

(2024 అక్టోబరులో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం, నాష్‌విల్ తెలుగువారి దసరా సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పొద్దున్నుంచి వంటల దగ్గర నిలబడ్డ అన్నయ్యలకు, వదినలకు, హాలు అలంకరించిన పిల్లలకు, బతుకమ్మలు పేర్చి తెచ్చిన అక్కచెల్లెళ్లకు దసరా శుభాకాంక్షలు. ఇండియా నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, నాన్నలకు ప్రత్యేకంగా నమస్కారం. నేనివాళ మాట్లాడేది మీ గురించే.

నన్ను పండుగ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. పండుగ గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. కమిటీవాళ్లు ఏమీ అనుకోవద్దు, నేను నవంబరు 5 ఎన్నిక గురించి మాట్లాడతాను. ఆ రోజు మనవాళ్లు ప్రెసిడెంటు పేర్లు చూసి, ఓటేసి బయటికి వచ్చేస్తారేమోనని నా టెన్షన్. అదే బ్యాలెట్‌లో మన బస్సుల గురించి, మన సేల్స్ టాక్స్ గురించి ఒక ప్రశ్న ఉంది. దాన్ని వదిలేసి రావద్దు.

మన మేయర్ ఫ్రెడ్డీ ఓకానెల్ గారు గెలిచి ఏడాది దాటింది. సిటీ కౌన్సిల్‌లో డౌన్‌టౌన్ తరఫున ఉన్నాయన, ఒకప్పుడు బస్సుల బోర్డుకు చైర్మన్‌గా కూడా చేశారు. ఆయన అడుగుతున్నది అర శాతం. ఇప్పుడు మనం కట్టే సేల్స్ టాక్స్ 9.25 శాతం. అందులో 7 రాష్ట్రానిది, 2.25 మన మెట్రోది, అంటే ఊరికీ, జిల్లాలాంటి కౌంటీకీ కలిపి ఉన్న మన ప్రభుత్వానిది. జనం సరేనంటే 9.75 అవుతుంది. ఆ డబ్బుతో 86 మైళ్ల సైడ్‌వాక్‌లు, అంటే ఫుట్‌పాత్‌లు వేస్తామంటున్నారు, 600 దాకా సిగ్నళ్లు బాగుచేస్తామంటున్నారు, రాత్రీ పగలూ బస్సులు నడుపుతామంటున్నారు. మొత్తం ప్లాన్ ఖరీదు 310 కోట్ల డాలర్లు.

ఇదివరకు 2018 మే నెలలో ఇలాగే అడిగారు. అప్పుడు రైలు, డౌన్‌టౌన్ కింద సొరంగం, ఖర్చు 540 కోట్ల డాలర్లు. నూటికి 64 మంది వద్దన్నారు. ఆ ప్లాన్ తెచ్చిన మేయర్ అప్పటికే రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆరేళ్లు మనం ట్రాఫిక్‌లో కూర్చున్నాం. ఈసారి రైలు లేదు, సొరంగం లేదు.

కొన్నాళ్లుగా ఇండియన్ స్టోర్‌లో, గుడిలో, పిల్లల డాన్సు క్లాసు బయట కనిపించిన ప్రతివాళ్లనూ అడుగుతున్నాను. ఒకాయన, “మాకు రెండు కార్లున్నాయి, నేనెందుకు కట్టాలి?” అన్నారు. బ్రెంట్‌వుడ్ నుంచి వచ్చే ఒక చెల్లెలు, “మాది వేరే కౌంటీ అక్కా, మాకు ఓటు లేదు, కానీ కొనేదంతా ఇక్కడే” అంది. హోటల్ నడిపే తమ్ముడు వెంటనే కావాలన్నాడు. రాత్రి కిచెన్ కడిగి బయటపడేసరికి అతని వంటవాళ్లకు బస్సుండదు, అతనే కారులో దింపి వస్తున్నాడు.

ఇక ఇక్కడే కూర్చున్న ఒక అన్నయ్య నన్ను గట్టిగా నిలదీశారు. “ఇది లేనివాడి నడ్డి విరిచే టాక్స్ కదమ్మా, నువ్వెట్లా సమర్థిస్తావు?” అన్నారు. ఆయన అన్నది నిజం, అందుకే ఈ లెక్క మీరందరూ వినాలి.

మన రాష్ట్రంలో జీతం మీద ఇన్‌కమ్ టాక్స్ లేదని సంతోషిస్తాం. ఆ లోటు సరుకుల మీద పూడుస్తారు. తినే సరుకుల మీద కూడా రాష్ట్రం 4 శాతం తీసుకుంటుంది, పైన మెట్రో భాగం. కొత్త పన్ను వస్తే 6.25 కాస్తా 6.75 అవుతుంది. వారానికి 200 డాలర్ల సరుకులు కొనే ఇంటికి వారానికి ఒక డాలరు పెరుగుతుంది, ఏడాదికి 52. ఇప్పుడు కారు సంగతి చూడండి. ఒక్క వస్తువు ఎంత ఖరీదైనా మొదటి 1,600 డాలర్ల మీదే లోకల్ టాక్స్ పడుతుంది, రాష్ట్ర చట్టం అది. అంటే 40,000 డాలర్ల కారు కొన్నవాళ్లకు ఈ అర శాతం కింద పడేది 8 డాలర్లు. కారుకు 8, బియ్యానికీ పప్పుకూ 52. నాకు ఇది తలుచుకుంటే కడుపు మండుతుంది. పోయిన ఏడాది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మూడు నెలలు తిండి సరుకుల మీద టాక్స్ తీసేశారు, మీకు గుర్తుందా? మూడు నెలలు తీయగలిగినప్పుడు పూర్తిగా ఎందుకు తీయరని మనం మన రాష్ట్ర ప్రతినిధులను అడగాలి. ఈ ఎన్నిక అయ్యాక అడగాలి, మానకుండా అడగాలి.

ఇంత అన్యాయం ఉందని తెలిసీ ఎందుకు సరేనంటున్నానంటే, మా అమ్మ వల్ల.

మా అమ్మది కరీంనగర్ దగ్గర పల్లె. పోయిన డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. అప్పటినుంచి అమ్మ కాలు ఇంట్లో నిలవలేదు. వేములవాడ పోతుంది, జగిత్యాలలో చెల్లెలింటికి పోతుంది, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటుంది. అలాంటి మనిషి మొన్న ఎండాకాలం ఇక్కడికి వచ్చింది. వారం తిరక్కముందే, “కాళ్లుండి ఏం ఫాయిద బిడ్డా” అంది.

ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా, కరివేపాకు అయిపోయిందని తనే బయల్దేరింది. స్టోర్ మా అపార్ట్‌మెంటుకు మైలు కూడా ఉండదు. గేటు దాటాక కొంతదూరం సైడ్‌వాక్ ఉంటుంది, టైర్ల షాపు దగ్గర అది అయిపోతుంది. ఆపైన గడ్డి, గడ్డి పక్కన నీళ్లు పోయే కాలువ, ఇటు పక్కన ఆగకుండా కార్లు. ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఆ గడ్డిలో నడిచింది. పెద్ద ట్రక్కు ఒకటి దగ్గరగా పోతే ఆ గాలికి తూలి కాలువలో పడింది. బస్సు కోసం నిలబడ్డ ఒక మెక్సికన్ ఆవిడ పరుగున వచ్చి లేపిందట. ఆ బస్‌స్టాప్ అంటే గడ్డిలో పాతిన ఒక ఇనుప స్తంభం, దానికొక బోర్డు. కూర్చోవడానికి బెంచీ లేదు, నీడ లేదు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ తన సీసాలో నీళ్లతో అమ్మ మోచెయ్యి కడిగి, దెబ్బ తగిలిందేమోనని వేలితో నొక్కి చూసిందట. అమ్మ అక్కడినుంచి వెనక్కి రాలేదు, స్టోర్‌కు వెళ్లి కొనుక్కునే వచ్చింది.

సాయంత్రం నేనొచ్చేసరికి చీర అంచు నిండా బురద. అమ్మ బిల్లు నా ముందు పెట్టి, “కరివేపాకు మీద గూడ పన్ను తీస్కున్నరు, నడిచేటందుకు జాగ మాత్రం లేదు” అంది.

ఆ సైడ్‌వాక్ కోసం అంతకుముందే నేను ఎన్నోసార్లు అడిగాను. వరసలో ఉందన్నారు, డబ్బు రావాలన్నారు. అమ్మ పన్ను కట్టింది. కానీ అమ్మకు ఓటు లేదు. ఆ మెక్సికన్ ఆవిడకు ఉందో లేదో నాకు తెలియదు.

ఈ హాల్లో సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి. ఇప్పుడు చుట్టూ చూడండి. చెయ్యెత్తనివాళ్లే ఎక్కువ. హెచ్‌వన్ మీద ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు, చదువుకోవడానికి వచ్చి కారు కొనలేని పిల్లలు, మన అమ్మానాన్నలు. సేల్స్ టాక్స్ వీసా చూసి పడదు, వీళ్లందరూ కడతారు. మన డౌన్‌టౌన్ బ్రాడ్‌వే మీద పాటలు వినడానికి వచ్చే టూరిస్టులు కూడా కడతారు, ఆ డబ్బు మన రోడ్లకు రావడం న్యాయమే. కానీ బ్యాలెట్ మీద చెయ్యి పెట్టేది చెయ్యెత్తిన మీరు మాత్రమే. రెండు కార్లున్నాయని చెప్పిన అన్నయ్యా, మీకు బస్సు అక్కర్లేదు, ఒప్పుకుంటాను. పొద్దున మీరు డ్యూటీకి వెళ్లాక మీ నాన్నగారు ఇంట్లో ఎలా గడుపుతున్నారో ఒకసారి ఆయన్ని అడగండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, రెండు నిమిషాలివ్వండి.

సరేనని ఓటేసి ఊరుకుంటే పని జరగదు. సైడ్‌వాక్‌లు ముందు ఎక్కడ వేస్తారో చూడాలి. నోలెన్స్‌విల్ పైక్, మర్ఫ్రీస్‌బరో పైక్, ఆంటియోక్ వైపు, మనలాంటివాళ్లం ఎక్కువగా ఉన్నచోట ముందు వేయమని కౌన్సిల్ మీటింగులకు వెళ్లి అడగాలి. నేను వెళ్తాను, నాతో ఎవరైనా రండి.

ఓటరు రిజిస్ట్రేషన్ గడువు సోమవారంతో అయిపోయింది. చేసుకున్నవాళ్లకు ఎర్లీ ఓటింగ్, అంటే ఎన్నిక రోజుకు ముందే ఓటేసే వీలు, వచ్చే బుధవారం, 16న మొదలై 31 దాకా ఉంటుంది. ఊరూ కౌంటీ 1963లోనే ఒకటయ్యాయి కాబట్టి, ఆంటియోక్‌లో ఉన్నా బెల్‌వ్యూలో ఉన్నా హెర్మిటేజ్‌లో ఉన్నా ఈ ప్రశ్న మీ బ్యాలెట్‌లో ఉంటుంది. ఫోటో ఐడీ తప్పనిసరి. టెన్నెసీ లైసెన్సు గానీ అమెరికా పాస్‌పోర్టు గానీ తీసుకెళ్లండి. కాలేజీ ఐడీ చెల్లదు. పెద్దవాళ్లకు గానీ, కారు లేనివాళ్లకు గానీ తోడు కావాలంటే, భోజనాల దగ్గర నన్ను కలిసి పేరు, వీలైన రోజు రాయించండి. నేనే వచ్చి తీసుకెళ్తాను.