"నెట్ రావడం లేదు" అంటే ఎక్కడ ఆగినట్టు?

అందరికీ నమస్కారం.

నెట్‌వర్కుల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు రోజూ వినిపించే మాట ఒకటే: "నెట్ రావడం లేదండీ." ఎక్కడిదాకా వచ్చి ఆగింది అని అడిగితే గోడకున్న పెట్టె వైపు చూపిస్తారు. దాన్ని ఒకరు మోడెమ్ అంటారు, ఒకరు రౌటర్ అంటారు, ఇంకొకరు వైఫై అంటారు. ముగ్గురూ కరెక్టే. చాలా ఇళ్లలో ఆ ఒక్క పెట్టెలోనే మోడెమ్, రౌటర్, స్విచ్, యాక్సెస్ పాయింట్ నాలుగూ కాపురం చేస్తున్నాయి. ఎవరి పని ఏమిటో తెలిస్తే, పెట్టె ఆఫ్ చేసి ఆన్ చేయడం తప్ప ఇంకేం చేయగలం అనే టెన్షన్ పోతుంది.

ముందు కేబుల్ చూద్దాం. దీన్ని పరికరాల్లో ఎవరూ లెక్కపెట్టరు గానీ, నా మొదటి అనుమానం ఎప్పుడూ దీని మీదే. ఈ ముక్కకి పైతొడుగు ఒలిచాను, చూడండి. లోపల ఎనిమిది వైర్లు, రెండేసి చొప్పున నాలుగు జతలు. ప్రతి జతకీ తాడుకి పెట్టినట్టు పురి పెట్టారు. ఆ పురి అందానికి కాదు. బయటి నుంచి వచ్చే విద్యుత్ అలజడి జతలోని రెండు వైర్ల మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి పరికరం ఆ రెండింటి మధ్య తేడానే చదువుతుంది కాబట్టి అలజడికి అలజడి చెల్లిపోతుంది. కనెక్టర్ బిగించే తొందరలో పురి మరీ ఎక్కువ విప్పేస్తే ఆ రక్షణ పోయినట్టే. ఒక్క జత తెగినా, గిగాబిట్ (సెకనుకి 1000 మెగాబిట్లు) రావాల్సిన లింకు 100 మెగాబిట్లకి పడిపోవచ్చు. నెట్ ఉంటుంది, కానీ ఎందుకు నెమ్మదించిందో ఎవరికీ అంతుపట్టదు. అన్నట్టు, రాగి కేబుల్‌కి హద్దు 100 మీటర్లు.

ఒకప్పుడు ఈ కేబుళ్లన్నీ హబ్ అనే పెట్టెలో కలిసేవి. హబ్‌కి చిరునామాలు చదవడం రాదు. ఒక పోర్టులో, అంటే కేబుల్ గుచ్చే ఒక రంధ్రంలో, వచ్చినదాన్ని మిగతా అన్నిట్లోకీ వదిలేస్తుంది. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడిపోతాయి, ఆగి మళ్లీ పంపుకోవాలి. ఇప్పుడు దాని కాలం అయిపోయింది.

దాని స్థానంలోకి వచ్చిన స్విచ్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటుంది. ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ తయారీలోనే 48 బిట్ల మ్యాక్ చిరునామా ఇస్తారు. స్విచ్ ఆన్ చేసిన క్షణంలో దానికి ఎవరూ తెలియదు. మూడో పోర్టులో ఒక ఫ్రేము, అంటే చిరునామా రాసిన డేటా మూట, వచ్చిందనుకోండి, పంపినవారి చిరునామా చూసి "ఇది మూడో పోర్టు వైపు ఉంది" అని పట్టికలో రాసుకుంటుంది. చేరాల్సిన చిరునామా ఇంకా తెలియదు కాబట్టి మిగతా పోర్టులన్నిటికీ పంపుతుంది. ఏడో పోర్టు నుంచి జవాబు వస్తే అదీ రాసుకుంటుంది. ఇక ఆ ఇద్దరి మాటలూ మూడు, ఏడు పోర్టుల మధ్యే నడుస్తాయి. పక్కవాళ్ల చెవిన పడవు.

ఒకసారి ఒక ఆఫీసులో మధ్యాహ్నం ఉన్నట్టుండి ప్రింటర్లు, ఫోన్లు, సర్వర్ అన్నీ ఆగిపోయాయి. నేను వెళ్లేసరికి స్విచ్ మీద దీపాలన్నీ ఒక్క తీరుగా, ఆగకుండా కొట్టుకుంటున్నాయి. మామూలుగా ఒక్కో దీపానిదీ ఒక్కో లయ. రెండు గంటలు వెతికాక ఒక టేబుల్ కింద చిన్న స్విచ్ దొరికింది. వేలాడుతున్న కేబుల్ చివర చూసి, ఊడిపోయిందేమో పాపం అనుకుని ఎవరో అదే స్విచ్‌లోని ఖాళీ పోర్టులో పెట్టేశారు. రెండు చివర్లూ ఒకే స్విచ్‌లో! అందరికీ చేరాల్సిన ఫ్రేము ఒకటి ఆ వలయంలో పడి, తిరిగిన ప్రతిసారీ కాపీలు పుట్టిస్తూ లైన్లన్నీ నింపేసింది. ఈ కేబుళ్ల మీద నడిచే ఈథర్‌నెట్ ఫ్రేముకి ఆయుష్షు అనేది లేదు, తిప్పేవాళ్లుంటే తిరుగుతూనే ఉంటుంది. దీనికి మందు 1985లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టారు. స్పానింగ్ ట్రీ అనే ఆమె పద్ధతిలో స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, వలయం ఏర్పడే చోట ఒక పోర్టును మూసి ఉంచుతాయి. చౌకరకం చిన్న స్విచ్‌లలో చాలావాటికి ఆ తెలివి ఉండదు. దయచేసి కేబుల్‌కి రెండు చివర్లా లేబుల్ అంటించండి.

స్విచ్ పరిధి ఒక నెట్‌వర్క్ లోపలే. గడప దాటించేది రౌటర్. ఇది ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో పరికరానికి ఉండే చిరునామా) చదివి, దారుల పట్టిక చూసి, తరవాతి రౌటర్‌కి ప్యాకెట్‌ను, అంటే ఆ డేటా ముక్కను, అప్పగిస్తుంది. గమ్యం దాకా మొత్తం దారి దేనికీ తెలియనక్కరలేదు, తరవాతి మజిలీ తెలిస్తే చాలు. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఇది అబ్బురమే. పైగా ఇక్కడ ఆయుష్షు లెక్క ఉంది. ప్యాకెట్ మీద ఉండే ఒక అంకెని ప్రతి రౌటరూ ఒకటి తగ్గిస్తుంది, సున్నా అయితే పారేస్తుంది. దారి తప్పినా కలకాలం తిరగదు.

ఇంట్లో రౌటర్‌కి ఇంకో బాధ్యత కూడా ఉంది. 32 బిట్ల ఐపీ చిరునామాలు మొత్తం దాదాపు 429 కోట్లే, ప్రపంచంలోని పరికరాలకి చాలవు. అందుకే లెక్కలేనన్ని ఇళ్లలో 192.168తో మొదలయ్యే అవే చిరునామాలు వాడుకుంటారు. బయటికి వెళ్లే ప్యాకెట్ మీద రౌటర్ తన చిరునామా వేసి, ఎవరి తరఫున అడిగిందో గుర్తుపెట్టుకుని, జవాబు రాగానే వాళ్లకే అందిస్తుంది.

యాక్సెస్ పాయింట్ పని తీగని గాలిలోకి మార్చడం. ఒక ఛానెల్లో ఒకసారికి ఒకరే మాట్లాడాలి కాబట్టి, ఆ విషయంలో ఇది పాత హబ్‌కి చుట్టమే. ఫోన్లో వైఫై గీతలు నిండుగా ఉన్నాయంటే ఈ పెట్టె దాకా దారి బాగుందని మాత్రమే అర్థం. అవతల ఏముందో ఆ గీతలు చెప్పవు.

మోడెమ్ బయటి లైనుకి తగ్గట్టు సంకేతాన్ని మారుస్తుంది. ఫైబర్ అయితే ఆ పని ఓఎన్‌టీది, కాంతిని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది.

ఇప్పుడు నెట్ ఆగిందనుకోండి. ముందు రౌటర్ చిరునామాకి పింగ్ కొట్టండి, అంటే "ఉన్నావా?" అని అడిగే చిన్న సందేశం పంపండి. జవాబు వస్తే కేబులూ, వైఫై, స్విచ్ బాగున్నట్టే. తర్వాత బయట ఉన్న 8.8.8.8కి, అంటే గూగుల్ సర్వర్‌కి, కొట్టండి. అదీ పలికి, సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర చూడాలి. 8.8.8.8 పలకకపోతే ఓఎన్‌టీ వైపు చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసిన దీపం ఎర్రగా ఉంటే ఫైబర్‌లో కాంతి అందడం లేదు. ఇంట్లో ఏది మార్చినా లాభం ఉండదు. ఫోన్ చేసి, "మా ఓఎన్‌టీలో ఎల్‌ఓఎస్ ఎర్రగా వెలుగుతోంది, లైను చూడండి" అని చెప్పండి.