రెసిడెన్సీకి లెటర్ బలంగా లేకపోతే? డాక్టరు గారితో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. ఎంబీబీఎస్, హౌస్ సర్జన్సీ అయిపోయాయండి. అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి, అంటే మన పీజీ లాంటి ట్రైనింగ్‌కి, అప్లై చేస్తున్నాను. మా హెచ్‌ఓడీ, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్ గారు ఇచ్చిన రికమెండేషన్ లెటర్ నాలుగు లైన్లేనండి. రెగ్యులర్‌గా వస్తుంది, నడవడిక మంచిది, అంతే. అందరికీ అదే, పేరొక్కటే మారుస్తారు. అప్‌లోడ్ కూడా చేసేశారు.

డాక్టరు: అది కాండక్ట్ సర్టిఫికెట్ అమ్మా. మన దగ్గర పీజీ సీట్లు దాదాపు అన్నీ నీట్ ర్యాంకు మీదే కాబట్టి, మన ప్రొఫెసర్లకి ఇలాంటివి రాసే అలవాటు తక్కువ. ఆయన్ని తప్పుపట్టక్కర్లేదు. మీరు కంగారూ పడక్కర్లేదు. ఈరాస్‌లో, అంటే రెసిడెన్సీకి అప్లై చేసే ఆన్‌లైన్ పోర్టల్లో, ఎన్ని లెటర్లున్నా ఒక్కో ప్రోగ్రామ్‌కి పంపగలిగేది 4 వరకే. ఏవి పంపాలో మీ ఇష్టం. మీరు అసైన్ చేయనిది వాళ్లకి కనపడదు.

శ్రోత: మరి ఇంకెవర్ని అడగాలండి?

డాక్టరు: మీ పని దగ్గరుండి చూసినవాళ్లని. ఏదైనా ఒక కేసు చెప్పండి.

శ్రోత: కోతలప్పుడు ఓ రాత్రి పాము కాటు కేసు వచ్చిందండి. కాటు దగ్గర వాపు లేదు, మనిషి బానే మాట్లాడుతున్నాడు. కానీ కనురెప్పలు వాలిపోతున్నాయి. అది చూసి డ్యూటీలో ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్ గారిని పిలిచాను. వెంటనే యాంటీ వీనమ్ ఎక్కించాం, ఊపిరి అందకపోయేసరికి ట్యూబ్ వేశాం. బతికాడండి.

డాక్టరు: లెటర్లో ఉండాల్సింది ఇదమ్మా! ఆ సార్‌నే అడగండి, హోదా చిన్నదని చూడకండి. ఆ రెప్పలు ముందు మీరే గమనించారని రాయగలిగేది ఆయనొక్కరే. ఊరికే "లెటర్ ఇస్తారా" అంటే మొహమాటానికి ఇచ్చేస్తారు. "నా గురించి గట్టిగా రాయగలరా సార్" అనండి. తటపటాయిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. సరే అంటే ఏ నెల ఏ వార్డులో చేశారో, ఈ కేసు ఏమిటో ఒక పేజీలో రాసివ్వండి.

శ్రోత: నువ్వే రాసుకురా, సంతకం పెడతాను అంటేనండి?

డాక్టరు: చాలామంది అంటారు. ఒప్పుకోకండి, అది న్యాయం కాదు. పైగా మీ గురించి మీరు రాసుకునే పర్సనల్ స్టేట్‌మెంటూ ఆ లెటరూ ఒకే చేత్తో రాసినట్టుంటే చదివేవాళ్లు పట్టేస్తారు. వివరాలు మీవి, మాటలు ఆయనవి. లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నట్టు టిక్ పెట్టండి, అప్పుడే దానికి విలువ. పోర్టల్లో కూడా ఆయనే అప్‌లోడ్ చేయాలి. అమెరికాలో రొటేషన్, అంటే అక్కడి డాక్టర్ల దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకోవడం, ఏమన్నా చేశారా?

శ్రోత: ఆయ్, చేశానండి. అక్కడి డాక్టరు గారు ఇస్తానన్నారు.

డాక్టరు: అది తప్పకుండా పెట్టండి. అక్కడి లెటర్ కావాలనే ప్రోగ్రామ్‌లు చాలా ఉన్నాయి.

శ్రోత: హెచ్‌ఓడీ గారికి తెలిస్తే ఏమన్నా అనుకుంటారేమోనండి...

డాక్టరు: మీరు ఎవరికి ఏది పంపారో ఆయనకెలా తెలుస్తుంది? డిపార్ట్‌మెంట్ హెడ్ లెటర్ కావాలని అడిగే ప్రోగ్రామ్ ఉంటే దానికి ఆయనదే పంపండి. సెప్టెంబరు ఆఖర్లో అప్లికేషన్లు చూడ్డం మొదలుపెడతారు, ఆ సార్‌ని ఈ వారమే కలవండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ పాలకొల్లు నుంచి. హలో!