పెన్షనూ, పింఛనూ

(అక్టోబరు 1, వృద్ధుల దినం నాడు ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతంలోని మా ఊరి సీనియర్ సిటిజన్స్ సెంటర్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన సెంటర్ చరిత్ర చెప్పమని నన్ను నిలబెట్టారు. ఎందుకో నాకు తెలుసు. సబ్ ట్రెజరీలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడు కదా, పాత కాగితాలన్నీ వీడి దగ్గరే ఉంటాయని మీ అనుమానం. కాగితాలేం లేవు. తీర్మానాల పుస్తకాల్లో మొదటి రెండూ చెదలు తినేశాయి. గుర్తున్నది చెప్తాను. తప్పు చెప్తే ముందు వరసలో ఉన్న మాస్టార్లు ఎలాగూ ఊరుకోరు.

ఈ సెంటర్ పెద్దల మీద ఎవరికో ప్రేమ పొంగుకొచ్చి పెట్టింది కాదు. పెన్షన్ కోసం ట్రెజరీ కిటికీ ముందు నిలబడీ నిలబడీ కాళ్లు పీక్కుపోయిన వాళ్ల కోపంలోంచి పుట్టింది. కిటికీకి ఇవతల కూర్చున్నవాణ్ణి నేనే కాబట్టి ఆ కోపం ఎట్లా ఉండేదో నాకు బాగా తెలుసు.

1983 ఫిబ్రవరి. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం వచ్చిన కొత్త. రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కి దించేశారు. రాష్ట్రం మొత్తం మీద 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో ఇంకో 10 వేల మంది ఇంటిదారి పట్టారు. మరుసటేడు కూతురి పెళ్లి పెట్టుకున్న వాళ్లున్నారు, పునాదులేసి ఇల్లు ఆపుకున్న వాళ్లున్నారు. 55 ఏళ్ల మనిషి ముసలివాడేం కాదు గదా. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికెళ్లాలో తోచక బస్టాండు దాకా నడిచి, పేపరు చదువుకుని వచ్చేవాళ్లు. తర్వాత వయసు మళ్లీ 58 చేశారు, కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అది వేరే కథ. మన కథకు కావలసింది ఆ ఇస్త్రీ చొక్కాలు.

అంతకు రెండు నెలల ముందే, 1982 డిసెంబరు 17న, నకారా అనే రిటైర్డ్ ఉద్యోగి వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పెన్షన్ సర్కారు దయతలిచి ఇచ్చేది కాదు, చేసిన చాకిరీకి హక్కుగా రావలసింది అని. ఏటా డిసెంబరు 17ను పెన్షనర్ల దినంగా మనం జరుపుకునేది అందుకే. ఆ తీర్పు సంగతి మా కిటికీ దాకా రావడానికి ఎంతో కాలం పట్టలేదు. "బిచ్చం కాదంట అబ్బయ్యా, హక్కంట. కాస్త తొందరగా కానీ" అనేవాళ్లు. లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో అయితే మరీను. బతికే ఉన్నానని బతికున్న మనిషే వచ్చి సంతకం పెట్టాలి. ఒకాయన నామీద విసుక్కున్నాడు: "నేను పోతే చెప్పడానికి నీ దగ్గరికి రాను గదా, రాకపోతేనే పోయానని రాసుకోరాదా?" నిబంధన అట్లా లేదండీ అన్నాను. ఇప్పుడు తల్చుకుంటే నాకే నవ్వొస్తుంది.

ఆఫీసు ముందు వేపచెట్టు కింద వాళ్లే ఒక బల్ల వేసుకున్నారు. ఫారాలు నింపుకోవడం, కరువు భత్యం లెక్కలేసుకోవడం, మమ్మల్ని తిట్టుకోవడం అక్కడే. బల్ల నుంచి రేకుల షెడ్డు, షెడ్డు నుంచి ఈ రెండు గదులు. చందాల సంగతి చెప్పను, ఇచ్చినవాళ్లూ ఎగ్గొట్టినవాళ్లూ ఇద్దరూ ఇక్కడే ఉన్నారు.

అప్పట్లో బోర్డు మీద ఉన్నది పెన్షనర్ల సంఘం అనే. ఊళ్లో ముసలివాళ్లంటే మేమేనా? పొగాకు పండించినవాళ్లు, మెట్ట చేలల్లో కూలికి పోయినవాళ్లు మా షెడ్డు ముందు నుంచే నడిచిపోయేవాళ్లు, లోపలికి వచ్చేవాళ్లు కాదు. 1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను పెట్టింది, నెలకు 75 రూపాయలు. ఇవాళ మన రాష్ట్రంలో అది 4,000. మాట ఒకటే, కానీ చూడండి, ఉద్యోగం చేసినవాడు తీసుకుంటే పెన్షన్, కూలికి పోయినవాడు తీసుకుంటే పింఛను.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. 60 నిండిన ప్రతివాళ్లూ సీనియర్ సిటిజన్లే అని అందులో ఉంది. అది పట్టుకుని కొందరు బోర్డు మార్చాలన్నారు. పెద్ద గొడవైంది. కుర్చీలు చాలవన్నారు, పేకాట అడ్డా అవుతుందన్నారు. మార్చొద్దని చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పుస్తకం చెదలు తినలేదు, కావాలంటే చూసుకోవచ్చు.

చివరికి బోర్డు మారింది. కొత్తగా వచ్చినవాళ్లు మొట్టమొదట అడిగింది కుర్చీ కాదు, పేపరూ కాదు. "ఈ మెట్లు ఎట్టా ఎక్కేది?" అని. మూడంటే మూడు మెట్లు. మేము ఉద్యోగాల పేరు చెప్పి పది ఊళ్ల నీళ్లు తాగినవాళ్లం. వాళ్లు పుట్టినకాడి నుంచీ ఈ ఫ్లోరిన్ నీళ్లే తాగారు. మోకాలు వంగదు, నడుం తిరగదు. కనిగిరి, పొదిలి వైపు ఎన్ని ఊళ్లలో ఇట్లాంటివాళ్లు ఉన్నారో మీకు చెప్పాలా? ఇన్నేళ్లుగా ఆ మెట్లు మా కళ్లకు ఆననే లేదు. పక్కన ఆ వాలు బాట కట్టించింది అప్పుడే. ఈ సెంటర్ చేసిన పనుల్లో నన్నడిగితే అదే పెద్దది.

ఆడవాళ్లు మాత్రం ఇంకా రావడం లేదు. బీపీ చూపించుకుని, మాత్ర పేరు అడిగి, గుమ్మం నుంచే వెళ్లిపోతారు. మొన్న ఒకామె వచ్చి ఆ వాలు బాట మీదే కూర్చుని, కొంగులోంచి దస్తావేజు నకలు తీసి, "చదివి చెప్పు నాయనా" అంది. ఇల్లూ, రెండెకరాల చేనూ ప్రేమాభిమానాలతో కొడుకు పేర రాసిచ్చింది. చివరిదాకా చదివాను. అమ్మకు అన్నం పెట్టాలన్న మాట ఒక్కచోటా లేదు. ఆ 2007 చట్టం 23వ సెక్షన్ కింద దస్తావేజు రద్దు కావాలంటే, చూసుకోవాలన్న షరతు అందులో ఉండాలి. మీలో ఇంకా రాయనివాళ్లు ఉంటే ఆ ఒక్క వాక్యం రాయించుకోండి, కొడుకు ఏమనుకుంటాడోనని మొహమాటపడొద్దు.

అయినా దారి లేకపోలేదు. కొడుకు నుంచి నెలనెలా పోషణ ఖర్చు అడగొచ్చు, 10,000 దాకా. అర్జీ మనమే రాసి ఆమె వేలిముద్రతో ఆర్డీవో గారి ట్రిబ్యునల్లో పెట్టాం. అక్కడ ప్లీడరు అవసరం లేదు. సోమవారం వాయిదా. ఆమె ఒక్కతే బస్సెక్కి వెళ్లలేదు, తోడు ఇద్దరు కావాలి. వాళ్లలో ఒకరు ఆడమనిషైతే మేలు. పేర్లు టీ తాగేటప్పుడు నాకివ్వండి.