టార్కిన్ ముఖం అనుకుని కూర్చున్నాం, అనాకిన్ నటన దగ్గర ఆగిపోయాం

సుధ: నమస్కారం అందరికీ. పోయిన వారం చెప్పినట్టే ఈసారి 'స్టార్ వార్స్' సిరీస్‌లోని 'రోగ్ వన్'. 1994లోనే చనిపోయిన పీటర్ కుషింగ్ ముఖాన్ని 2016 సినిమాలో కంప్యూటర్ మీద కట్టి, మళ్ళీ 1977 మొదటి సినిమాలోని విలన్ టార్కిన్‌గా నిలబెట్టారు. అది నటనా, కాదా? కిరణ్, మొదలుపెట్టు.

కిరణ్: మొదలుపెడతానక్కా. దానికి ముందు ఒకటి తేల్చాలి. వచ్చిన వాయిస్ మెసేజుల్లో సగం నీ మీదే. "అనాకిన్‌గా చేసిన హేడెన్ క్రిస్టెన్సెన్‌కి నటన రాదు అనే మాట ఇక నా ముందు అనొద్దు" అని చెప్పి వెళ్ళిపోయావు. విజయవాడ బ్యాచ్ ఊరుకోవట్లేదు.

సుధ: ఊరుకోకపోనీ, నా మాట మీదే ఉన్నా.

కిరణ్: అయితే ఇప్పుడు చెప్పు, 'అటాక్ ఆఫ్ ది క్లోన్స్'లో పద్మేతో అనాకిన్ తనకి ఇసుక నచ్చదనే ఆ డైలాగు ఎవరి తప్పు?

సుధ: డైరెక్టర్ జార్జ్ లూకాస్‌ది.

కిరణ్: అంత తేలిగ్గానా? అందరూ నీలం తెర మీదకి నెట్టేస్తారు. చుట్టూ ఏమీ లేకుండా నీలం గుడ్డ ముందు నిలబెడితే ఎవరైనా ఏం చేస్తారు అని. కానీ ఆ సీన్ తీసింది ఇటలీలో, కోమో సరస్సు ఒడ్డున, విల్లా దెల్ బాల్బియానెల్లోలో. నిజం రాయి, నిజం నీళ్ళు, నిజం ఎండ. పక్కన పద్మేగా నతాలీ పోర్ట్‌మన్. ఇంకేం కావాలి?

సుధ: నేనూ అదే అంటున్నా. నీలం తెర అసలు దోషి కాదు. 'రివెంజ్ ఆఫ్ ది సిత్'లో ఒపేరా సీన్ తీసుకో. ఎదురుగా గాల్లో తేలే ఆ నీటి గోళం షూటింగ్ రోజున లేదు, తర్వాత కట్టారు. అయినా హేడెన్ మొత్తం మూడు సినిమాల్లోకీ... సారీ, ముందు జరిగిన కథ చెప్పే సినిమాల్లో, ఆయన ఉన్న రెండు ప్రీక్వెల్స్‌లోకీ బాగా చేసింది అక్కడే. ఏమీ లేని చోట బాగా చేశాడు, అన్నీ ఉన్న చోట చేయలేదు. కారణం ఎక్కడుందో చూడు.

కిరణ్: ఎదురుగా పాల్పటీన్ పాత్రలో ఇయాన్ మెక్‌డయర్మిడ్ ఉన్నాడు. అది కారణం.

సుధ: సగం కారణం. మిగతా సగం ఆ సీన్ కట్టిన తీరు. పాల్పటీన్ పక్కనున్నవాళ్ళని పంపించేస్తాడు, అనాకిన్ వచ్చి పక్క సీట్లో కూర్చుంటాడు. ఇక ఇద్దరూ లేవరు. పాల్పటీన్ ప్లేగస్ అనే ఒకడి కథ చెబుతాడు, నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలి. హేడెన్‌కి ఉన్న పని వినడం. ముందు మర్యాదకి వింటాడు. 'చావు నుంచి కాపాడే శక్తి' అనే మాట పడగానే కళ్ళు అక్కడే ఆగిపోతాయి. తల కదలదు. అది నేర్చుకోవచ్చా అని అడిగేటప్పుడు గొంతు పెంచడు, తగ్గిస్తాడు. పక్కవాడి మాట లోపలికి దిగాక వచ్చిన ప్రశ్న అది. ఇసుక సీన్‌లో ఎవరూ ఎవరి మాటా వినరు. ఒకళ్ళు ఒక పేరా చెబుతారు, ఇంకొకళ్ళు ఇంకో పేరా.

కిరణ్: అది రాత తప్పు.

సుధ: రాసిందీ తీసిందీ లూకాసే కదా. 'క్లోన్స్'కి జొనాథన్ హేల్స్ తోడు రాశాడు, నిజమే. తుది మాట మాత్రం లూకాస్‌దే.

కిరణ్: సరే, ఇప్పుడు నా వాదన పూర్తిగా విను. లూకాస్‌కి సహజ నటన అక్కర్లేదు. ఆయన పెరిగింది 'ఫ్లాష్ గోర్డన్' సీరియళ్ళ మీద. మనం పౌరాణికం ఎలా చూస్తాం? దుర్యోధనుడు అంత దీర్ఘంగా ఎందుకు మాట్లాడుతున్నాడని ఎవరైనా అడుగుతారా? ఆ పద్ధతే అది. ప్రీక్వెల్స్‌ని పౌరాణికంలా చూస్తే సగం ఫిర్యాదులు పోతాయి.

సుధ: పౌరాణికం అన్నావు కాబట్టి అక్కడే పట్టుకుంటా. పౌరాణికంలో నటుడికి ఏం ఇస్తారు? పూర్తి సమాసం ఇస్తారు, దానికి సరిపడా ఊపిరి ఇస్తారు, స్వరం కింది నుంచి పైదాకా తీసుకెళ్ళే చోటు ఇస్తారు. ఎదుటి పాత్ర ఆ మాటల బరువు మోస్తూ నిలబడుతుంది. ప్రీక్వెల్స్‌లో మాటలు పౌరాణికానివి, పలకమన్న తీరు మాత్రం ఆఫీసు మీటింగ్‌ది. ఒకే స్థాయి, ఒకే వేగం. శామ్యూల్ జాక్సన్ లాంటి మనిషి కూడా జెడై యోధుల కౌన్సిల్ గదిలో అలాగే మాట్లాడాడంటే అది నటుడి లోపం కాదు.

కిరణ్: మెక్‌డయర్మిడ్ పలికాడు కదా పౌరాణికంగా?

సుధ: ఎందుకంటే ఆయన నాటకాల మనిషి. లండన్‌లో ఆల్మైడా థియేటర్‌ని 1990 నుంచి 2002 దాకా జొనాథన్ కెంట్‌తో కలిసి నడిపాడు. అలాంటి మాటల్ని ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు, తనే తెచ్చుకున్నాడు. 'క్లోన్స్' నాటికి ఇరవై ఏళ్ళ కుర్రాడు హేడెన్, అతనికి చెప్పేవాళ్ళు కావాలి. 2003లో 'షాటర్డ్ గ్లాస్' చూడు, అబద్ధాలు రాసే విలేకరి పాత్ర. ఒక్కో అబద్ధానికి నవ్వు మారుస్తాడు. 'క్లోన్స్' వచ్చిన మరుసటి ఏడాదే అది. ఏడాదిలో నటన నేర్చుకోలేదు, డైరెక్టర్ మారాడు.

కిరణ్: పోర్ట్‌మన్‌కి కూడా 2004లో 'క్లోజర్'. ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

సుధ: నా వైపుకి వచ్చేశావు.

కిరణ్: రాలేదు! లూకాస్ చేతిలోనే కదా 1977 నాటి మొదటి సినిమాలో అలెక్ గిన్నెస్‌కి నామినేషన్ వచ్చింది. మొత్తం సిరీస్‌లో నటనకి వచ్చిన ఆస్కార్ నామినేషన్ అదొక్కటే, అదీ లూకాస్ తీసిన సినిమాకి. కెర్ష్‌నర్ తీసిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'కి రాలేదు.

సుధ: గిన్నెస్ కూడా తనే తెచ్చుకున్నవాడే. ఆ సినిమాలో నటులకి లూకాస్ ఎక్కువగా చెప్పిన మాట ఇంకాస్త వేగంగా, ఇంకాస్త తీవ్రంగా అనేదేనని ఆ నటులే చాలాసార్లు చెప్పారు. తీవ్రంగా అంటే నటుడు ఏం చేయాలి? గొంతు పెంచాలా, దగ్గరికి జరగాలా, ఊపిరి బిగబట్టాలా? అది ఫలితం గురించిన మాట, దారి చూపించే మాట కాదు. "ఈ అమ్మాయి నిన్ను చూసి భయపడుతోందని నీకు ఇప్పుడే తెలిసింది" అని చెప్పు, ఎలాంటి నటుడైనా ఏదో ఒకటి చేస్తాడు.

కిరణ్: అయితే స్ప్లిట్ సంగతి చెప్పు. అది శ్రోతలకి వివరంగా చెప్పాలి.

సుధ: ఇది ముఖ్యం. లూకాస్ లెక్కలో సినిమా తయారయ్యేది ఎడిటింగ్ టేబుల్ మీద. ఒకే షాట్‌లో ఇద్దరున్నారనుకో. ఎడమ మనిషి రెండో టేక్‌లో బాగా చేశాడు, కుడి మనిషి అయిదో టేక్‌లో బాగా చేసింది. మామూలుగా అయితే రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. ఇక్కడ రెండూ కలిపేస్తారు. కెమెరా కదలకుండా ఉండాలి. ఇద్దరి మధ్య, ఎవరి చెయ్యీ దాటని చోట, నిలువుగా ఒక గీత ఎంచుకోవాలి. దానికి ఎడమ పక్క రెండో టేక్, కుడి పక్క అయిదో టేక్ పెట్టి, అంచు కాస్త మెత్తగా కలపాలి. వెలుగులో తేడా వస్తే సరిచేయాలి. ఒకళ్ళ నీడ ఇంకొకళ్ళ మీద పడిందా, గీత బయటపడుతుంది. నీలం తెర ముందైతే ఇంకా సులువు, వెనక ఎలాగూ తర్వాత పెట్టేదే.

కిరణ్: చూసేవాడికి తెలియదు కదా. మరి నష్టం ఏంటి?

సుధ: కంటికి తెలియదు, మనసుకి తెలుస్తుంది. అయిదో టేక్‌లో ఆవిడ విన్నది అయిదో టేక్‌లో అతను పలికిన తీరు. అక్కడ అతను కోపంగా అని ఉండొచ్చు. తెర మీద మనం చూస్తున్నది అతను మెల్లిగా అన్న రెండో టేక్. ఆవిడ ఉలిక్కిపడుతుంది, దేనికో తెలియదు. పైగా మాటల మధ్య ఖాళీని కూడా ఎడిటర్ కావాలంటే తగ్గిస్తాడు, కావాలంటే పెంచుతాడు. ఖాళీ నటుడి సొత్తు. అది తీసేస్తే మిగిలేది ఇద్దరు మనుషులు వంతులవారీగా పాఠం అప్పజెప్పడం.

కిరణ్: దీనికి డబ్బింగ్ కూడా తోడైతే...

సుధ: గంట! నువ్వు డబ్బింగ్ ఎత్తినప్పుడల్లా కొడతా.

కిరణ్: కొట్టుకో. ఇది చెప్పాల్సిందే. షూటింగ్‌లోనే రికార్డయ్యే పైలట్ ట్రాక్‌లో నటుడు కదులుతూ, ఎదుటివాడిని చూస్తూ పలికిన ఊపిరి ఉంటుంది. డబ్బింగ్ థియేటర్‌లో మైక్ ముందు కదలకుండా నిలబడి, పెదాలకి సరిపోయేలా పలకాలి. పెదవి కలపడం మీదే ధ్యాస పెడితే ముందు పోయేది ఊపిరి, తర్వాత మాట చివర. మాటలన్నీ ఒకే ఎత్తులో ముగుస్తాయి. మన దగ్గర మంచి డబ్బింగ్ ఆర్టిస్టులు ముందు ఊపిరి ఎక్కడ తీశాడో గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే మాట పట్టుకుంటారు. అనాకిన్ తర్వాత ముసుగేసుకుని వేడర్ అవుతాడు, ఆ వేడర్ మొత్తం డబ్బింగే కదా! సెట్‌లో ముసుగు లోపల డేవిడ్ ప్రౌజ్, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్. మొదటి సినిమాకి జోన్స్‌కి ఇచ్చింది 7,000 డాలర్లు. 1977లో, 1980లో టైటిల్స్‌లో పేరు కూడా లేదు. 1983లో వేశారు.

సుధ: 'ఎంపైర్'లో లూక్ తండ్రి తానేనని వేడర్ చెప్పే సీన్ ఇంకా గొప్పది. సెట్‌లో ప్రౌజ్‌కి ఇచ్చిన డైలాగే అబద్ధం. మీ నాన్నని చంపింది ఓబీవాన్ అని. అసలు మాట కెర్ష్‌నర్ లూక్‌గా చేసిన ఒక్క మార్క్ హామిల్‌కే ముందు చెవిలో వేశాడు. అంటే హామిల్ చెవికి వినబడుతున్నది ఒకటి, ముఖం మీద చూపించాల్సింది ఇంకొకటి. మరి ఆ ముఖం చూడు.

కిరణ్: ఇది నీ వాదనని కొట్టేస్తుందక్కా. నువ్వు వినడం, వినడం అంటున్నావు. ఇక్కడ హామిల్ విన్నది తప్పుడు మాట. అయినా సిరీస్ మొత్తంలో గొప్ప రియాక్షన్ అదే.

సుధ: ...అది బలమైన పాయింటే. కానీ అతనికి అసలు మాట తెలుసు. ఏం వినాలో డైరెక్టర్ లోపల పెట్టి పంపించాడు. యోడా సీన్లూ అంతే. సెట్ నేలని ఎత్తులో కట్టారు, కింద యోడా బొమ్మని ఆడించే ఫ్రాంక్ ఓజ్, ఆయన టీమ్. హామిల్ చెవిలో చిన్న స్పీకర్ పెడితే ఓజ్ గొంతు అందులోంచి వినాలి. ఎదురుగా బొమ్మ. ఆ ఇబ్బంది తెలిసి కెర్ష్‌నర్ పట్టించుకున్నాడు. 'ఐ లవ్ యూ'కి హాన్ చెప్పే జవాబు కూడా స్క్రిప్టులో వేరేగా ఉంది, సెట్‌లో హారిసన్ ఫోర్డ్, కెర్ష్‌నర్ కలిసి మార్చారు. మార్చే చోటు ఉంది అక్కడ.

కిరణ్: 'క్లోన్స్'లో కూడా ఒక చోట ఉంది. టస్కెన్ తెగవాళ్‌లని చంపి వచ్చాక, గ్యారేజీలో. ఏదో షిఫ్టర్ విరిగిందని బాగుచేస్తూ, చేతులు ఆపకుండా మాట్లాడతాడు. పద్మే ముఖం చూడడు. తర్వాత పనిముట్టు విసిరికొడతాడు, కోపం ఏడుపులోకి జారుతుంది. అక్కడ హేడెన్ చాలా బాగా చేశాడు.

సుధ: చేతికి పని ఇచ్చారు కాబట్టి! ఇసుక సీన్‌లో చేతికి ఏముంది? వరండాలో ఊరికే నిలబెట్టారు. కౌన్సిల్ బయట కారిడార్లలో నడిపిస్తారు, తర్వాత కిటికీ పక్కన నిలబెడతారు, తర్వాత సోఫాలో కూర్చోబెడతారు. షాట్, రివర్స్ షాట్, అంతే. ఇంట్లో ఎవరైనా చూసుకోవచ్చు. ఒపేరా సీన్, ఇసుక సీన్ రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ముందు సౌండ్ తీసేసి, మాట్లాడని మనిషి కళ్ళు మాత్రమే చూడండి. రెండోసారి కళ్ళు మూసుకుని, ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి ఎంతసేపు పడుతోందో వినండి. ఇసుక సీన్‌లో ఆ ఖాళీ మాటని బట్టి మారదు.

కిరణ్: చూస్తా. కానీ గొంతు విషయంలో నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకోటుంది. గంట వద్దు, ప్లీజ్. 'రిటర్న్ ఆఫ్ ది జెడై' చివర్లో చక్రవర్తి పాల్పటీన్ లూక్ మీద మెరుపులు వదులుతుంటాడు. వేడర్ పక్కన నిలబడి ఉంటాడు. ముసుగు అటు తిరుగుతుంది, ఇటు తిరుగుతుంది. కొడుకు, యజమాని, మళ్ళీ కొడుకు. నల్ల ప్లాస్టిక్ మీద నీలం వెలుగు తప్ప ఏమీ మారదు. మాట లేదు. అంతా మనమే ఊహించుకుంటాం. 2011 బ్లూరేలో అక్కడ "నో" అని ఒక అరుపు కలిపారు.

సుధ: అది నాకూ మింగుడు పడదు.

కిరణ్: డబ్బింగ్ అంటే ప్రాణం పెట్టే నేనే చెబుతున్నా. అక్కడ గొంతు పెట్టకూడదు. ఆ తల తిప్పడమే డైలాగు. ఇరవై ఎనిమిదేళ్ళు జనం మాట లేకుండానే అర్థం చేసుకున్నారు.

సుధ: నటుడి మీద నమ్మకం లేకపోవడం అంటే నా దృష్టిలో అదే. మౌనం ఉన్న చోట ఏదో లోటనుకోవడం. మళ్ళీ అదే లూకాస్ 'సిత్'లో అనాకిన్ కౌన్సిల్ గదిలో, పద్మే తన ఇంట్లో, సాయంత్రం వెలుగులో, ఊరికి ఆ చివరా ఈ చివరా నిలబడి చూసుకునే సీన్ తీశాడు. వాళ్ళిద్దరూ ఒక్క మాట అనరు. జాన్ విలియమ్స్ సంగీతం, రెండు ముఖాలు. ఇద్దరూ అద్భుతంగా చేశారు.

కిరణ్: అంటే లూకాస్‌కి తీయడం వచ్చు.

సుధ: చూపించడం వచ్చు. బొమ్మ కట్టడంలో ఆయనకి సాటి తక్కువ. మనుషుల చేత మాట్లాడించడం దగ్గరే చిక్కు.

కిరణ్: నేను ఒప్పుకోను. మాటలు కూడా ఆయనకి బొమ్మలో భాగమే...

సుధ: టార్కిన్, కిరణ్. టైమ్ దాటిపోతోంది.

కిరణ్: సరే, రెండు ముక్కల్లో. సెట్‌లో నిలబడి నటించింది గై హెన్రీ. కుషింగ్ ముఖం తర్వాత ఎక్కించారు. నటన గై హెన్రీదే, అందులో సందేహం లేదు. తేడా కొట్టేది నోటి చుట్టూ. మాట పలికేటప్పుడు బుగ్గ, పై పెదవి కలిసి కదలాలి, ఇక్కడ పెదవి ఒంటరిగా కదులుతున్నట్టు ఉంటుంది.

సుధ: మొదటి షాట్ మాత్రం సరిగ్గా ఆలోచించారు. వెనక నుంచి చూపించి, కిటికీ గాజులో ప్రతిబింబం. అక్కడ నమ్మేస్తాం. సినిమా అంతా అలాగే ఉంచాల్సింది.

కిరణ్: ఎలా కుదురుతుంది? క్రెన్నిక్‌తో అంత గొడవ పడాలి, అతను ఇటు తిరక్కపోతే క్రెన్నిక్ వేసిన బెన్ మెండెల్సన్ ఎవరి ముఖం చూసి మాట్లాడాలి?

సుధ: మెండెల్సన్‌కి కనిపిస్తే చాలు, మనకి కనిపించక్కర్లేదు. కెమెరా టార్కిన్ భుజం మీదుగా పెట్టు.

కిరణ్: ప్రతి షాటూ భుజం మీదుగానే అంటే చూసేవాళ్ళకి అనుమానం వస్తుందక్కా.

సుధ: రాదు. వెలుగు తగ్గించి, పక్క నుంచి...

కిరణ్: 1977 టార్కిన్‌కి పూర్తి వెలుగు పెట్టారు. ఇక్కడ చీకట్లో పెడితే కలవదు.

సుధ: కలవకపోయినా పర్లేదు అంటాను నేను. ఇది వచ్చే వారం, అలాగే కంప్యూటర్ మీద కట్టిన లేయా షాట్‌తో కలిపి.